బుట్కస్, బుట్కెవిచ్, బుట్కెవిచ్యుస్: మా అత్తింటి ఇంటిపేరు వెంట ప్రాజెక్టు డైరీ

జనవరి

మా ఆయన ఇంటిపేరు బుట్కస్. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తేల్చాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. షికాగో చలికాలంలో ఎలాగూ గడప దాటే పని ఉండదు కాబట్టి ఇప్పుడు కూర్చున్నాను. చేతిలో ఉన్న సరుకు: మా ఆయన ముత్తాతగారి పౌరసత్వం కాగితం, ఒక పెళ్లి ఫోటో, సెయింట్ కాసిమిర్ శ్మశానంలో ఉన్న సమాధి రాయి, ఇంటిల్లిపాదీ కంఠతా చెప్పే రెండు కథలు.

మొదటి కథ ప్రకారం అసలు పేరు బుట్కెవిచ్ అట, న్యూయార్క్ రేవులో వలస వచ్చినవాళ్లని తనిఖీ చేసే ఎల్లిస్ ద్వీపంలో గుమాస్తాకి నోరు తిరగక బుట్కస్ అని కత్తిరించేశాడట. రెండో కథ దగ్గర కుటుంబం రెండు ముక్కలవుతుంది. మేనత్తగారేమో "మనం పోలిష్ వాళ్లం, పేరు చివర ఎవిచ్ ఉంటే ఇంకేమవుతాం" అంటారు. పెదమామగారేమో లిథువేనియన్లం అంటారు, వాళ్ల నాయనమ్మ రాత్రిపూట ప్రార్థన ఏ భాషలో చేసుకునేదో తనకి బాగా గుర్తట. పండగ భోజనాల దగ్గర ఈ వాదన మొదలైతే నేను అన్నం గిన్నె సర్దుకుని వంటింట్లోకి వెళ్లిపోతుంటాను.

మొదటి కథని పక్కన పెట్టడం తేలికే. 1892లో తెరిచిన ఎల్లిస్ ద్వీపంలో గుమాస్తాలు పేర్లు కొత్తగా రాసుకునేవాళ్లు కాదు. ప్రయాణికుల జాబితా ఓడ బయల్దేరే రేవులోనే తయారయ్యేది. ఇక్కడి ఇన్‌స్పెక్టర్లు ఆ జాబితా ముందు పెట్టుకుని, దుబాసీల సాయంతో ప్రశ్నలడిగి, సరిచూసి పంపేవాళ్లు. అమెరికాలో ఏ వలస కుటుంబాన్ని కదిపినా ఈ గుమాస్తా కథ వస్తుంది, పాపం ఆ గుమాస్తా.

జనవరి చివర

అమెరికా కాగితాలు పూర్తిగా చూడకుండా సముద్రం దాటకూడదని నియమం పెట్టుకున్నాను. ఊరి పేరు లేకుండా అక్కడి రికార్డుల్లో దిగితే లాభం లేదు. బుట్కస్, బుట్కెవిచ్ అనేవి అక్కడ మామూలు ఇంటిపేర్లు. షికాగో ఫుట్‌బాల్ హీరో డిక్ బుట్కస్ ఉండేవాడు, 2012 నుంచి 2016 దాకా లిథువేనియా ప్రధానిగా ఉన్న అల్గిర్దాస్ బుట్కెవిచ్యుస్ ఉన్నాడు. ఒకే పేరున్నంత మాత్రాన చుట్టరికం కలవదు, మనలో ఒకే ఇంటిపేరున్న వాళ్లంతా దాయాదులు కానట్టే.

పౌరసత్వం కాగితాల్లో 1906కి ముందువైతే పుట్టిన ఊరు సాధారణంగా దొరకదు, ఆ ఏడాది వచ్చిన చట్టం తర్వాతే ఆ వివరాలన్నీ పద్ధతిగా రాయడం మొదలైంది. మా కాగితం 1921ది కాబట్టి అందులో "కల్వరియా, రష్యా" అని ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యం కోసం 1917 జూన్ 5న నింపించిన కార్డు కూడా దొరికింది. ఆ కార్డులో పుట్టిన ఊరు అడిగేవాళ్లు, 1918 సెప్టెంబరు కార్డులో ఆ ప్రశ్నే ఎత్తేశారు. ముత్తాతగారికి అప్పటికి 29 ఏళ్లు, మొదటి విడతలోనే పిలిచారు, అది మా అదృష్టం. అక్కడా కల్వరియా అనే ఉంది.

కానీ పుట్టినరోజు మాత్రం ఒకదాంట్లో 1888 మార్చి 3, ఇంకోదాంట్లో మార్చి 15. తేడా సరిగ్గా 12 రోజులు. రష్యా సామ్రాజ్యం అప్పటికి పాత జూలియన్ క్యాలెండరే వాడుతోంది, 19వ శతాబ్దంలో దానికీ మన క్యాలెండర్‌కీ తేడా 12 రోజులే. కాబట్టి ఇది పొరపాటు కాదు, ఒకే రోజుని రెండు లెక్కల్లో చెప్పడం. ఈ జంట తేదీ ముందు ముందు మనిషిని గుర్తుపట్టడానికి పనికొస్తుందని ఎర్ర పెన్నుతో రాసిపెట్టాను.

ఫిబ్రవరి

కల్వరియా ఒకటి కాదు. ఏసుక్రీస్తుని సిలువ వేసిన కొండ పేరు మీద యాత్రాస్థలాలు కట్టి ఆ ఊళ్లకి అదే పేరు పెట్టుకున్నారు. క్రాకోవ్ దగ్గర ఒకటి (అది అప్పట్లో ఆస్ట్రియా కింద ఉండేది, కాబట్టి కొట్టేశాను), వార్సా దగ్గర గూరా కల్వరియా, లిథువేనియా పడమటి భాగంలో జెమైచ్యూ కల్వరియా, సువావ్కీ (ఇప్పుడు పోలండ్‌లో ఉన్న పట్టణం) దగ్గర మామూలు కల్వరియా. చివరి మూడూ రష్యా కిందవే.

తేల్చింది ఓడ జాబితా. 1907 తర్వాతి జాబితాల్లో స్వదేశంలో వదిలి వచ్చిన దగ్గరి బంధువు పేరూ చిరునామా రాసే గడి ఉంటుంది. 1909 జాబితాలో ముత్తాతగారి పేరు బుట్కెవిచ్ అని ఉంది, స్పెల్లింగ్ మాత్రం జర్మన్ గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా. బంధువు గడిలో తండ్రి పేరు, ఒక చిన్న పల్లె, పక్కన సువావ్కీ. జాతి గడిలో లిథువేనియన్. ఆ ప్రాంతం జర్మనీ సరిహద్దుకి ఆనుకుని ఉండేది, జార్ సైన్యంలో చేరడం ఇష్టంలేని కుర్రాళ్లు ఏజెంట్లకి డబ్బిచ్చి రాత్రిపూట సరిహద్దు దాటి రేవులకి చేరేవాళ్లు. 21 ఏళ్ల కుర్రాడు, 1909లో. మా ముత్తాతగారు కూడా అలాగే వచ్చారేమోనని నా అనుమానం, కాగితం మాత్రం ఏమీ చెప్పదు. పల్లె పేరు ఇక్కడ రాయను, అక్కడ ఇప్పటికీ ఆ పేరుతో మనుషులున్నారు.

ఇంకో సంగతి. 1910 జనాభా లెక్కల్లో ఆయన కబేళాల వెనక పేటలో ఒక అద్దె ఇంట్లో ఉన్నాడు, ఆ ఇల్లంతా లిథువేనియన్ కుర్రాళ్లే. అక్కడ పేరు బుట్కస్. అంటే దిగింది బుట్కెవిచ్‌గా, ఏడాది తిరక్కుండానే బుట్కస్ అయ్యాడు. ఎవరూ కత్తిరించలేదు, ఆయనే అలా చెప్పుకున్నాడు. ఎందుకు?

ఫిబ్రవరి చివర

మేనత్తగారి వాదన గురించి చదివాను. 'ఒవిచ్', 'ఎవిచ్' అంటే ఫలానావాడి కొడుకు అని. పోలిష్‌లా వినిపిస్తుంది గానీ దాని మూలం తూర్పు స్లావిక్ వైపు. లిథువేనియా గ్రాండ్ డచీలో, అంటే పాత లిథువేనియా రాజ్యంలో, కచేరీ రాతలన్నీ రుథేనియన్ భాషలో (నేటి బెలారుసియన్, ఉక్రేనియన్‌ల పాత రూపం) సాగేవి, 1697లో గానీ దాని స్థానంలోకి అధికారికంగా పోలిష్ రాలేదు. అంటే లిథువేనియన్ మనిషి పేరుకి రుథేనియన్ తోక తగిలించి, పోలిష్ అక్షరాల్లో రాస్తే బుట్కెవిచ్ అవుతుంది. ఆ తోక చూసి దేశం చెప్పడం కుదరదు. (పోలిష్ పేర్లలో 'స్కీ' అని వచ్చేవి వేరు, అవి చాలావరకు ఊరి పేర్ల మీద వచ్చినవి, మన ఇంటిపేర్ల పద్ధతే.)

పేరు ముందు భాగం 'బుట్' మాత్రం లిథువేనియన్. బుట్విదాస్, బుట్రిమాస్, నర్బుటాస్ లాంటి పాత పేర్లలో ఉండే ముక్క. యూరప్‌లో అందరికన్నా ఆలస్యంగా, 1387లో, లిథువేనియా క్రైస్తవంలోకి వచ్చింది. అంతకుముందు పేర్లు ఇలా రెండేసి ముక్కలు కలిపి ఉండేవి. తర్వాత జనానికి యాన్, పియోటర్, కజిమేజ్ లాంటి బాప్టిజం పేర్లు వచ్చినా పాత పేర్లు పోలేదు, కుదించుకుని ఇంటిపేర్లయి మిగిలాయి.

పెదమామగారికి ఇదంతా చెబితే ఎగిరి గంతేశారు. నేను మాత్రం నరుటోవిచ్ అన్నదమ్ముల సంగతి కూడా చెప్పాను. ఒకే తల్లిదండ్రుల పిల్లలు. అన్న స్తనిస్లోవాస్ నరుటావిచ్యుస్ 1918 ఫిబ్రవరి 16న లిథువేనియా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన 20 మందిలో ఒకడు. తమ్ముడు గాబ్రియెల్ నరుటోవిచ్ 1922 డిసెంబరులో పోలండ్ మొదటి అధ్యక్షుడయ్యాడు, ప్రమాణస్వీకారం చేసిన కొద్దిరోజులకే, డిసెంబరు 16న వార్సాలో ఒక చిత్రకళా ప్రదర్శనలో కాల్చి చంపారు. ఒక ఇంటిపేరు, రెండు దేశాలు, రెండు స్పెల్లింగులు. ఇక మేం పోలిషా, లిథువేనియనా అన్న ప్రశ్న నాకు అక్కర్లేదు. ఏ ఏడాది, ఎవరు, ఏ భాషలో రాశారన్నదే చూడాలి.

మార్చి

అసలు పని ఇప్పుడు మొదలు. కల్వరియా ఇప్పుడు లిథువేనియాలో ఉంది, పుట్టుకలు, పెళ్లిళ్లు రాసిన చర్చి పుస్తకాలు విల్నియస్‌లోని ప్రభుత్వ చారిత్రక ఆర్కైవ్‌లో ఉంటాయి, స్కాన్లు ఈపావెల్దాస్ అనే సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. పోలండ్ వైపు జెనెటెకా అనే సైట్‌లో పేరు కొడితే వచ్చేస్తుంది గానీ ఇక్కడ చాలా పుస్తకాలకి ఆ సదుపాయం లేదు, పేజీ తర్వాత పేజీ తిప్పుకుంటూ పోవాలి. ఏడాది చివర గుమాస్తా రాసిన అక్షరక్రమ సూచిక ఉంటే పండగే.

ఇలాంటి పని ఎవరైనా మొదలుపెడితే ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. సువావ్కీ ప్రాంతం మిగతా లిథువేనియా లాంటిది కాదు. పోలండ్-లిథువేనియా రాజ్యాన్ని ఇరుగుపొరుగు దేశాలు పంచుకున్న ఆఖరి విభజనతో, 1795లో, ఇది ప్రష్యా అనే జర్మన్ రాజ్యం చేతికి పోయింది, 1807లో నెపోలియన్ పెట్టిన వార్సా డచీలో కలిసింది, 1815 తర్వాత రష్యా జార్ కిందున్న పోలండ్ రాజ్యంలో. అందువల్ల ఇక్కడ 1808 నుంచి నెపోలియన్ చట్టం ప్రకారం రిజిస్టర్లు నడిచాయి. గడుల్లేవు, పట్టికల్లేవు. ప్రతి పుట్టుకా ఒక పొడవాటి వాక్యం: "ఇది జరిగింది కల్వరియాలో, ఫలానా రోజు, మధ్యాహ్నం ఇన్ని గంటలకి, ఫలానావాడు, ఇన్నేళ్లవాడు, ఫలానా ఊళ్లో రైతు, ఇద్దరు సాక్షుల ఎదుట వచ్చి ఒక మగబిడ్డని చూపించి..." అంటూ పోతుంది. తండ్రి వయసు, వృత్తి, తల్లి పుట్టింటిపేరు, సాక్షుల ఊళ్లు అన్నీ ఆ ఒక్క వాక్యంలోనే. 1868 నుంచి ఇదే వాక్యం రష్యన్‌లోకి మారింది. నాకు రెండు భాషలూ రావు, కానీ మూస ఒకటే కాబట్టి ఏ పదం తర్వాత ఏం వస్తుందో కాగితం మీద రాసి గోడకి అంటించుకున్నాక చూపు అలవాటైపోయింది. అంకెలు అక్షరాల్లో రాస్తారు, అవి మాత్రం ముందే బట్టీ పట్టాలి.

1888 పుస్తకంలో ముత్తాతగారు దొరికారు! మార్చి మూడు, బ్రాకెట్లో పదిహేను, అదే జంట తేదీ. రష్యన్ రికార్డుల్లో ఇంకో మంచి అలవాటుంది, ముఖ్యమైన వాళ్ల పేరు రష్యన్ లిపిలో రాసి పక్కనే పోలిష్ అక్షరాల్లో మళ్లీ రాసేవాళ్లు. కాబట్టి బుట్కెవిచ్ అన్నదాంట్లో అనుమానం లేదు. చివరి వాక్యం చదివి కాసేపు ఆగాను: ఈ పత్రం వచ్చినవాళ్లకి చదివి వినిపించాం, వాళ్లకి చదువు రాదు కాబట్టి మేమే సంతకం చేశాం. తన ఇంటిపేరు ఎలా రాశారో ఆ తండ్రి చూసినా అర్థమయ్యేది కాదు. రాసింది ఫాదర్‌గారు, విన్నది ఫాదర్‌గారు, ఏ తోక తగిలించాలో నిర్ణయించిందీ ఆయనే.

మార్చి చివర

మా మరిది ఒక కప్పు కొన్నాడు. దానిమీద "బుట్కెవిచ్ వంశ రాజముద్ర". కాఫీ తాగడానికి బాగుంది, అంతకుమించి దానికి విలువ లేదు. పోలండ్, లిథువేనియాల్లో ఒక ముద్ర ఒక కుటుంబానిది కాదు, సంబంధం లేని పదుల, వందల కుటుంబాలు ఒకే ముద్ర వాడుకునేవి. 1413లో హొరోద్వో ఒప్పందంలో పోలిష్ ప్రభువులు 47 లిథువేనియన్ కుటుంబాలని తమ ముద్రల్లోకి చేర్చుకున్నారు, అక్కడ మొదలైన వ్యవహారం. ఎక్కడో ఒక బుట్కెవిచ్ జమీందారు ఉండి ఉండొచ్చు, మాకూ ఆయనకీ సంబంధం ఉందనడానికి ఆ కప్పు తప్ప ఇంకే ఆధారమూ లేదు.

ఈ విషయం రికార్డులే చెప్పేస్తాయి. లాటిన్‌లో రాసిన పాత చర్చి పుస్తకాల్లో దొరలైతే పేరు ముందు 'నోబిలిస్' అని రాస్తారు, పల్లె రైతులకి 'లబొరియోసస్', అంటే కష్టజీవి. మా వాళ్లకి ఎక్కడ చూసినా రెండోదే. మరిదికి ఫోన్ చేసి చెప్పాను. కప్పు బాగానే ఉందిలే వదినా అన్నాడు. ఆ వదినా అనే మాట పెళ్లిలో మా చెల్లెళ్లు నేర్పింది.

ఏప్రిల్

ఒక్కో తరం వెనక్కి పోతున్నాను. 1856లో ముత్తాతగారి తండ్రి పుట్టుక, పోలిష్‌లో, బుట్కెవిచ్. ఆయన తండ్రి పెళ్లి 1834లో, బుట్కెవిచ్. ఆడవాళ్ల పేర్లు చూసేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. పోలిష్‌లో పెళ్లయినావిడ బుట్కెవిచోవా, పెళ్లికాని కూతురు బుట్కెవిచూవ్నా. లిథువేనియన్‌లోనైతే బుట్కస్ భార్య బుట్కియెనే, కూతురు బుట్కుతే. సెయింట్ కాసిమిర్‌లో ముత్తవ్వగారి రాయి మీద బుట్కియెనే అని ఉంది. దాన్ని చూసి పిల్లలు ఇదెవరో వేరే ఆవిడ అనుకునేవాళ్లట ఇన్నాళ్లూ.

1834 పెళ్లి రికార్డులో పెళ్లికొడుకు వయసు 23 అని ఉంది కాబట్టి 1811 దగ్గర వెతికాను. అదే పల్లె, అవే తల్లిదండ్రుల పేర్లు, అమ్మ పుట్టింటిపేరు కూడా అదే. ఇంటిపేరు మాత్రం బుట్కుస్, అంటే మా బుట్కసే.

రెండుసార్లు జూమ్ చేసి చూశాను. దస్తూరి స్పష్టంగా ఉంది, బుట్కుసే. రాసింది వేరే ఫాదర్, ఆయన ఆ పుస్తకంలో మిగతా పల్లెటూరి వాళ్ల పేర్లు కూడా నోటితో పలికినట్టే లిథువేనియన్ రూపంలో పెట్టాడు. 1830లకి వచ్చేసరికి కొత్త దస్తూరి, ఆ పేర్లన్నిటికీ ఎవిచ్‌లూ స్కీలూ మొలిచాయి. కుటుంబం మారలేదు, పల్లె మారలేదు, కలం పట్టుకున్న చెయ్యి మారింది.

దీన్నిబట్టి 1909, 1910 మధ్య జరిగిందేమిటో నాకు అర్థమైంది. ఇంట్లో, వీధిలో వాళ్లెప్పుడూ బుట్కస్‌లే అయ్యుంటారు. బుట్కెవిచ్ కాగితం మీది పేరు. రష్యా ప్రభుత్వం 1864లో లాటిన్ లిపిలో లిథువేనియన్ అచ్చువేయడాన్ని నిషేధించింది, 1904 దాకా అది నడిచింది, పుస్తకాలు ప్రష్యాలో అచ్చేయించి దొంగతనంగా సరిహద్దు దాటించేవాళ్లు. ఆ కాలంలో పెరిగిన కుర్రాడు, నోటితో చెప్పుకునే పేరు ఏ కాగితం మీదా చూడనివాడు, షికాగోలో లిథువేనియన్ చర్చి, లిథువేనియన్ పత్రికలు, లిథువేనియన్ అద్దె ఇల్లు ఉన్న పేటలో దిగి, పేరేంటని అడిగితే బుట్కస్ అన్నాడు. కొత్తది పెట్టుకోలేదు, ఇంట్లో పిలుచుకునేదే చెప్పాడు. ఇది నా ఊహే, కానీ 1811 రికార్డు దానికి గట్టి దన్ను.

1790లలో లాటిన్ పుస్తకంలో కూడా బుట్కుస్ అనే ఒక ఇల్లు అదే పల్లెలో కనిపిస్తోంది. దాన్ని మాత్రం నేను అంతగా లెక్కలోకి తీసుకోవడం లేదు. లాటిన్ రాసేవాడికి మగ పేరు చివర 'ఉస్' పెట్టడం చేతి అలవాటు, కాబట్టి అక్కడి ఉస్ లిథువేనియన్ ఉసో, లాటిన్ ఉసో చెప్పలేం. 1811ది పోలిష్ వాక్యం, పోలిష్‌లో ఉస్ అనవసరంగా తగిలించే పని లేదు. అందుకే నాకు అదే సాక్ష్యం.

మే

ఇంకో కొమ్మ దొరికింది. ముత్తాతగారి చిన్నాన్న ఒకాయన పెళ్లి చేసుకుని సేయ్నీ వైపు వెళ్లిపోయాడు. గుర్రపు బండి మీద పోయే దూరమే. కానీ మొదటి యుద్ధం తర్వాత 1920లో పోలండ్, లిథువేనియాలు కొట్టుకుని ఆ మధ్యలో సరిహద్దు గీత పడింది, సేయ్నీ, పూయ్న్‌స్క్ పోలండ్ వైపు, కల్వరియా లిథువేనియా వైపు. 1938 దాకా రెండు దేశాల మధ్య దౌత్య సంబంధాలే లేవు. అన్నదమ్ముల పిల్లలు ఒకరింటి పెళ్లికి ఒకరు వెళ్లే దారి లేదు.

పేర్లు కూడా అక్కడే విడిపోయాయి. పోలండ్ వైపు వాళ్లు బుట్కెవిచ్‌లుగానే ఉండిపోయారు. లిథువేనియా వైపు వాళ్లు, కొత్త దేశం కాగితాల్లో, బుట్కెవిచ్యుస్ అయ్యారు. మేం షికాగోలో బుట్కస్. ఒకే కొట్టం నుంచి వచ్చినవాళ్లం మూడు స్పెల్లింగుల్లో ఉన్నాం. ఇందులో ఒక అక్షరం గొడవ మొన్నమొన్నటి దాకా సాగింది: లిథువేనియన్ అక్షరమాలలో 'డబ్ల్యూ' లేదు, అందుకని అక్కడి పోలిష్ వాళ్లు తమ పేరు పాస్‌పోర్టులో తాము రాసుకునేలా రాయించుకోలేకపోయేవాళ్లు. 2022 మే నుంచి అమల్లోకి వచ్చిన చట్టంతో ఆ అక్షరానికి అనుమతి దొరికింది.

మేనత్తగారికి ఈ చార్టు పంపాను. సేయ్నీ కొమ్మ చూపించి "చూశావా, పోలిష్ వాళ్లమే" అన్నారు. పెదమామగారు 1811 ప్రింటు తీసి ఫ్రేము కట్టించుకున్నారు. ఇద్దరూ నాకు థాంక్స్ చెప్పారు.

జూన్

మిగిలిన పని. 1795 నుంచి 1807 వరకు ప్రష్యా పాలనలో ఆ ప్రాంతం భూముల రికార్డులు జర్మన్‌లో రాశారు, అందులో ఆ పల్లె పేజీ ఉంటే ఫాదర్లు కాకుండా ప్రభుత్వ గుమాస్తా విన్న పేరు ఏదో తెలుస్తుంది. ఇది ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవాలి. చర్చి పుస్తకాలు దొరకని కాలానికి ఎస్టేట్ ఇన్వెంటరీలు మిగిలి ఉంటాయి, ఏ రైతు ఎన్ని రోజులు వెట్టి చెయ్యాలి, ఎన్ని ఎడ్లున్నాయి అని ఇంటింటికీ రాసిన జాబితాలు. వాటిలో బుట్ తో మొదలయ్యే పేరు ఏది కనిపించినా నాకు చాలు. విల్నియస్ ఆర్కైవ్‌కి ఈమెయిల్ రాసి పెట్టాను, పల్లె పేరు నాలుగు రకాల స్పెల్లింగుల్లో ఇచ్చి. గోడ మీది కాగితం పక్కన జర్మన్ పాత దస్తూరి అక్షరమాల ఒకటి అంటించాను. అందులో ఈ, ఎన్, ఎమ్, యు అన్నీ ఒకే రకం గీతల్లా ఉన్నాయి, 'బుట్'లో యు ఉండటం ఏమంత మంచి వార్త కాదు.